ఎడమకాలి ఆటగాడు

నీటి సరఫరా శాఖలో స్టోర్స్ గుమాస్తాని అందరూ 'ప్లేయర్' అని పిలుస్తారు. ఆ పేరు పడి పదహారేళ్లయింది. ఈ పదహారేళ్లలో ఆయన బంతిని తన్నగా చూసిన మనిషి ఒక్కడూ లేడు. అయినా ఎవరికీ అనుమానం రాలేదు. ఆటగాళ్ల కోటాలో ఉద్యోగం వచ్చినవాడు ఆటగాడు కాక ఇంకేమవుతాడు? పొట్ట పెరిగింది, జుట్టు పలచబడింది, ఒకప్పుడు బాగా ఆడి ఉంటాడులే అనుకున్నారు. ఆఫీసుల్లో ఈ 'ఒకప్పుడు' అన్న మాట ఎంత పెద్ద తప్పునైనా కడుపులో పెట్టుకుని కాపాడుతుంది.

అసలు సంగతి వేరు. గుమాస్తా మేనమామ యూనివర్సిటీ క్రీడల విభాగంలో రిజిస్టర్లు రాసేవాడు. మేనల్లుడు డిగ్రీ చేతపట్టుకుని ఊరకే తిరుగుతున్న రోజుల్లో ఫుట్‌బాల్ జట్టు పేర్ల పేజీలో ఎడమ వింగ్ ఎదురుగా ఒక గడి ఖాళీగా కనిపించింది. ఖాళీ గడి చూస్తే మామకి చెయ్యి ఊరుకోదు, ముప్పై ఏళ్ల అలవాటు. అందులో మేనల్లుడి పేరు రాసేశాడు. పేరు ఎక్కాక సర్టిఫికెట్ ఎంతసేపు? ఆ గడిలో ఉండాల్సినవాడు ఎవరని మామ అడగలేదు, అల్లుడూ అడగలేదు. మామ పోయి కూడా ఆరేళ్లయింది. ఇక తను కూడా పింఛను తీసుకుని ఇంటికెళ్లిపోతే ఈ రహస్యం చల్లగా సమాధి అవుతుందని గుమాస్తా లెక్క.

కొత్తగా వచ్చిన పెద్ద ఇంజనీరు ఆ లెక్క తప్పించాడు. ఆయనకి ఫుట్‌బాల్ అంటే ప్రాణం. వచ్చిన వారానికే విద్యుత్ శాఖతో మ్యాచ్ ఖాయం చేసుకుని గుమాస్తాని గదిలోకి పిలిచాడు. బల్లమీద గుమాస్తా సర్వీసు ఫైలు తెరిచి ఉంది.

"ఎడమకాలి వింగర్! ఇలాంటివాణ్ణి పైపులూ వాషర్లూ లెక్కపెట్టుకోమని స్టోర్స్‌లో పడేశారా? ఇరవై ఐదు రోజులుంది. ఎడమవైపు నీదే."

గుమాస్తా మోకాలు పట్టుకున్నాడు. "మోకాలు సార్... పాత దెబ్బ..."

"అయితే మెడికల్ బోర్డుకి రాద్దాం." పెద్ద ఇంజనీరు నవ్వుతూనే ఇంకో కాగితం పైకి తీశాడు. "ఇదిగో, కోటాలో చేరినవాళ్ల సర్టిఫికెట్లన్నీ యూనివర్సిటీకి పంపి సరిచూడమని పైనుంచి ఉత్తరం. దొంగవి దొరికితే ఉద్యోగం తీసెయ్యమన్నారు. నీకెందుకులే ఆ తంటా! నువ్వు గ్రౌండులో దిగు. కళ్లారా చూశాను, ఆటగాడే అని నేనే సంతకం పెట్టి ఫైలు మూసేస్తా."

ఆయన దృష్టిలో అది సాయం. గుమాస్తాకి మాత్రం ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆడకపోతే సర్టిఫికెట్ యూనివర్సిటీకి పోతుంది. ఆడితే రెండు నిమిషాల్లో బండారం బయటపడుతుంది. "సరే సార్" అన్నాడు. పదహారేళ్లుగా ఆయనకి బాగా వచ్చిన మాట అదొక్కటే.

ఇంట్లో చెప్పుకుని ఏడుద్దామంటే అదీ కుదరదు. పిల్లనిచ్చిన మామగారు ఫుట్‌బాల్ పిచ్చివాడు. ఇంతకంటే మంచి సంబంధాలు రెండు కాదనుకుని ఆటగాడని ఈయనకి కూతుర్నిచ్చాడు. మ్యాచ్ మాట చెవిన పడగానే భార్య కళ్లు తుడుచుకుంది. "మా నాన్న ఉంటే ఎంత మురిసిపోయేవాడో కదండీ! ఇన్నేళ్లూ మిమ్మల్ని ఆడమని నేనే పోరు పెట్టలేకపోయాను." సాయంత్రానికల్లా మేడ మీదివాళ్లకీ కిందివాళ్లకీ చెప్పేసింది. కూతురైతే తరగతి మొత్తాన్నీ ఆటకి పిలిచింది. ఆ రెండు గదుల ఇంట్లో ఏ మూల నిలబడ్డా ఎవరో ఒకరు తనవైపు గర్వంగా చూస్తూనే ఉన్నారు. గుమాస్తా స్నానాల గదిలో గడియ పెట్టుకుని చాలాసేపు కుళాయి వదిలి కూర్చున్నాడు.

అక్కడ కూర్చున్నప్పుడే నీళ్లు శుద్ధిచేసే కేంద్రంలో పనిచేసే పంపు ఆపరేటరు గుర్తొచ్చాడు. వాల్వులు అప్పజెప్పడానికి వెళ్లినప్పుడల్లా ఆ మనిషి భోజనాల వేళ ఒంటరిగా గోడకేసి బంతి కొట్టుకుంటూ కనిపించేవాడు. కాంట్రాక్టు మనిషి. ఆ కేంద్రం ఊరి చివర ఉంది, ఆఫీసు వాళ్లెవరూ అటు రారు. తనని అక్కడ 'ప్లేయర్' అని పిలిచేవాళ్లూ లేరు.

మర్నాడు మధ్యాహ్నం వెళ్లాడు.

"నాకు తన్నడం నేర్పాలయ్యా."

"ఎవర్ని సార్?" అన్నాడు ఆపరేటరు.

"బంతిని. ఎడమకాలితో."

ఆపరేటరు చేతిలో ఉన్న పానా పక్కన పెట్టాడు. సన్నగా, కమ్మీలా ఉంటాడు. గుమాస్తా ఈడువాడే గానీ తల ముందే నెరిసింది. ఈయన మొహంలోకి కాసేపు చూశాడు.

"ఎడమకాలితోనే ఎందుకు?"

"డాక్టరు చెప్పాడు. నడుంనొప్పికి మంచిదట."

"మంచి డాక్టరే," అన్నాడు ఆపరేటరు. ఇంకేమీ అడగలేదు. "రండి. ఇప్పుడు మూడో తొట్టి ఎండగట్టాం. అందులో అయితే ఎవరి కళ్లూ పడవు."

అక్కడ నీళ్లు తేరడానికి ఆరు సిమెంటు తొట్లున్నాయి. ఒక్కోదాన్నీ వంతులవారీగా ఖాళీ చేసి, అడుగున బురద గీకి, మూడు వారాలు ఎండబెట్టి మళ్లీ నింపుతారు. ఒక్కో తొట్టి ఒక పెద్ద హాలంత ఉంటుంది, రెండు నిలువుల లోతు. దిగడానికీ ఎక్కడానికీ ఒకటే ఇనప నిచ్చెన. గుమాస్తా ఒక్కో మెట్టే పట్టుకుని దిగి తలెత్తి చూశాడు. నాలుగు గోడలు, పైన నలుచదరం ముక్క ఆకాశం. పటిక వాసన గొంతులో పట్టుకుంది. ఆయనకి ఇంటికీ దీనికీ పెద్ద తేడా కనిపించలేదు.

"ఒకసారి తన్నండి సార్, చూస్తా."

గుమాస్తా నాలుగడుగులు వెనక్కి వేసి, ఊపిరి బిగబట్టి, పరిగెత్తుకొచ్చి బొటనవేలితో తన్నాడు. బంతి పక్కకి దొర్లింది. ఆయన ఒంటికాలి మీద తొట్టంతా గెంతాడు. గోరు అప్పటికప్పుడే నల్లబడింది.

"దారిలో రాయి అడ్డొస్తే అలా తంతారు," అన్నాడు ఆపరేటరు, నవ్వకుండా. "బంతికి వేలు చూపించకూడదు. ముందు తన్నే కాలి సంగతి మర్చిపోండి. నిలబడే కాలు ముఖ్యం. అది బంతి పక్కన జానెడు దూరంలో పడాలి. బంతి ఎటు పోవాలో ఆ పాదం అటు చూడాలి. మోకాలు కొంచెం వంచండి. ఇప్పుడు ఎడమ పాదం బయటికి తిప్పి, లోపలి అంచుతో, తలుపు నెట్టినట్టు నెట్టండి. చీలమండ బిగించాలి. వదులుగా ఉంటే బంతి మీ మాట వినదు."

గుమాస్తా జేబులోంచి చీటీ తీసి ఆఫీసు నోటులా రాసుకున్నాడు: ఒకటి, నిలబడే కాలు, జానెడు. రెండు, మోకాలు. మూడు, చీలమండ, బిగింపు. తర్వాత చీటీ ఎడమచేత్తో కళ్లముందు పట్టుకుని, నియమాలు ఒక్కోటే చదువుకుంటూ తన్నబోయాడు. మూడో నియమం చదివేలోపు బంతి గోడకి తగిలి తిరిగొచ్చి ఆయన పొట్టలో గుద్దింది.

"ఫైలు మూసేసి ఆడండి సార్," అన్నాడు ఆపరేటరు.

అలా మొదలైంది. రోజూ భోజనాల గంటలో గుమాస్తా, స్టోర్స్ తనిఖీ అని పుస్తకంలో రాసి, సైకిలెక్కి వచ్చేవాడు. ఆపరేటరు గోడమీద సుద్దతో పళ్లెమంత గుండ్రం గీశాడు. లోపలి అంచుతో రెండొందలసార్లు దానికి తగిలించాలి. తగలకపోయినా బంతి ఎక్కడికీ పోదు, నాలుగు గోడలూ తిప్పి మళ్లీ కాళ్ల దగ్గరికే పంపిస్తాయి. పారిపోవడానికి బంతికీ దారి లేదు, ఈయనకీ లేదు. మొదటివారం రాత్రుళ్లు పిక్కలు పట్టేసి మూలిగితే భార్య తైలం రాస్తూ, "పాత ఆటగాళ్ల ఒళ్లు ఇలాగే ఉంటుందట, మా నాన్న చెప్పేవాడు" అనేది. తైలం మంటకంటే ఆ మాట ఎక్కువ మండేది.

విశ్రాంతికి ఇద్దరూ గోడ నీడలో చతికిలబడేవాళ్లు. అప్పుడు ఆపరేటరు నోరు విప్పేవాడు.

"రెండు వేల ఏళ్ల కిందటే చైనాలో సైనికులు తోలుబంతి తన్నేవాళ్లట సార్. ఇంగ్లండులో అయితే ఊరూ ఊరూ కలబడేవి. పంది ఉచ్చబుడ్డ ఊది బంతి చేసేవాళ్లు. హద్దుల్లేవు, లెక్కల్లేవు, ఎముకలు విరిగితే విరిగినట్టే. చివరికి పద్దెనిమిది వందల అరవై మూడులో లండన్లో కొన్ని క్లబ్బులవాళ్లు కూర్చుని రూల్సు రాసుకున్నారు. బంతి చేత్తో పట్టుకుని పరిగెత్తకూడదు, ఎదుటివాడి పిక్కల మీద తన్నకూడదు అని. పిక్కలు తన్నకపోతే అదీ ఒక ఆటేనా అని అలిగి వెళ్లిపోయిన క్లబ్బు కూడా ఉంది."

గుమాస్తా చాలా రోజుల తర్వాత మనసారా నవ్వాడు.

"మొదట్లో పెనాల్టీ అనేది లేదు తెలుసా? పెద్దమనుషుల ఆట కదా, కావాలని తప్పెవడు చేస్తాడు అనుకున్నారు. దాదాపు ముప్పై ఏళ్లు అలాగే నమ్మారు. ఆ తర్వాత తెలిసొచ్చింది."

గుమాస్తా నవ్వు అక్కడితో ఆగిపోయింది. ఆపరేటరు మాత్రం మామూలుగానే లేచి బంతి తీసుకున్నాడు.

రెండోవారం పాదం పైభాగంతో కొట్టడం. బూటు తాడు కట్టుకునే చోటుతో. వేళ్లు నేలవైపు చాపాలి, మోకాలు బంతి మీదికి రావాలి, కళ్లు బంతిని వదలకూడదు, తగిలాక కూడా కాలు ఆగకుండా ముందుకి పోవాలి. గుమాస్తాకి అన్నీ వచ్చేవి గానీ ఒకేసారి వచ్చేవి కావు. మోకాలు వస్తే చీలమండ జారేది, చీలమండ బిగిస్తే కళ్లు పైకి పోయేవి. పదకొండో రోజు, ఆకలీ ఎండా కలిసి బుర్ర మొద్దుబారి ఉన్న వేళ, ఏదీ ఆలోచించకుండా కొట్టాడు. కాలికి ఏమీ తగిలినట్టే లేదు. 'ఠప్' అన్న చప్పుడు నాలుగు గోడల మధ్యా మోగింది. బంతి సుద్ద గుండ్రం నడిమధ్యన తగిలి అంతే వేగంగా వెనక్కొచ్చింది.

గుమాస్తా తన కాలివైపు చూసుకున్నాడు. ఎవరిదో అరువు తెచ్చుకున్నట్టుంది. ఒళ్లంతా ఒక వేడి, చిన్నప్పుడు మొదటిసారి సైకిలు పడకుండా నిలిచినప్పుడు కలిగినటువంటిది. "ఇంకోసారి," అన్నాడు.

"అదీ," అన్నాడు ఆపరేటరు. "ఆ చప్పుడు కోసమే సార్ ఎవడైనా ఆడేది."

ఆ సంతోషంలో గుమాస్తా అడగకూడని మాట అడిగాడు. "ఇంత ఆట తెలిసినవాడివి ఇక్కడెందుకున్నావయ్యా? మన శాఖలో ఆటగాళ్ల కోటా ఉంది కదా!"

నోటినుంచి జారాక నాలుక కరుచుకున్నా లాభం లేదు. ఆపరేటరు బంతి మీద కూర్చున్నాడు.

"వచ్చాను సార్, పదహారేళ్ల కిందట. ఒకటే పోస్టు. అంతకుముందు ఏడాది ఆడినవాడికే మొదటి స్థానం అని రూలు. నేను యూనివర్సిటీకి మూడేళ్లు ఎడమ వింగ్ ఆడాను. నాలుగో ఏడు మొదటి మ్యాచ్‌కి ముందే కాలు విరిగి ఆర్నెల్లు కట్టుతో పడుకున్నాను. నా చోట వేరేవాణ్ణి పెట్టలేదు, ఒకసారి పదిమందితో, ఒకసారి కుడివైపు కుర్రాణ్ణి ఎడమకి మార్చి సర్దుకున్నారు. అయినా ఆ ఏడాది నా చోట ఎవరో ఆడినట్టు సర్టిఫికెట్ వచ్చింది. అతనికి మొదటి స్థానం, నాకు రెండు. జట్టులో అందర్నీ అడిగాను. అతన్ని చూసినవాడు ఒక్కడూ లేడు."

మామ నింపిన గడిలో ఉండాల్సిన మనిషి ఎదురుగా బంతి మీద కూర్చుని ఉన్నాడు. నిచ్చెనవైపు చూశాడు. ఇరవై అడుగుల దూరంలో ఉంది, అక్కడిదాకా నడవగలనని అనిపించలేదు. "అయ్యో" అన్నాడు. ఆరోజు మిగిలిన వంద తన్నులూ తన్నాడు. ఒక్కటీ గుండ్రంలో పడలేదు.

మరుసటి రోజునుంచి ఆపరేటరుని 'మీరు' అనడం మొదలుపెట్టాడు. ఆయన గమనించాడో లేదో తెలియదు. బయటి అంచుతో బంతిని వంపు తిప్పడం నేర్పాడు, పక్కగీత వెంట పరిగెడుతూ మధ్యలోకి ఎత్తి వెయ్యడం నేర్పాడు. గుమాస్తాకి నిద్ర పట్టడం మానేసింది. నేర్చుకోకపోతే ఉద్యోగం పోతుంది. నేర్చుకుంటున్నకొద్దీ ఆ మనిషి మొహం చూడలేకపోతున్నాడు. ఒక్కో కిక్కూ దొంగతనం చేసిన ఇంటికే మళ్లీ వెళ్లి భోంచేసినట్టుంది.

తొట్టి నింపడానికి ఒకరోజు ముందు, ఆఖరి పాఠం అయ్యాక, గుమాస్తా నిచ్చెన దగ్గర నిలబడిపోయాడు.

"మీకొకటి చెప్పాలి. ఆ సర్టిఫికెట్..."

"మీదే. తెలుసు."

గుమాస్తా నిచ్చెన వదిలి వెనక్కి తిరిగాడు.

"అప్పుడు ఎంపికైనవాళ్ల నోటీసులో నా పేరు పైన మీ పేరు చూడలేదనుకున్నారా? ఎడమకాలితో నేర్పమని మీరు దిగినరోజే అర్థమైంది, ఆట మీ మీదికొచ్చిందని."

"మరి ఎందుకు నేర్పారు? నన్ను వదిలేసి ఉంటే గ్రౌండులో నేనే దొరికిపోయేవాణ్ణి కదా!"

ఆపరేటరు బంతిని చంకలో పెట్టుకున్నాడు.

"మా ఇంట్లో నేనేం చెప్పానో తెలుసా? నాకంటే మంచి ఆటగాడు వచ్చాడు, అందుకే నాకు రాలేదని. మా నాన్న ఆ మాటే నమ్మి పోయాడు. మా ఆవిడ ఇప్పటికీ అదే చెప్పుకుంటుంది. నా పిల్లలకి నేను ఆటలో ఓడిన మనిషిని. ఆటలో ఓడితే సిగ్గులేదు సార్. రేపు మీరు గ్రౌండులో బంతి తన్నలేక బోర్లా పడితే నేనెవరికి ఓడినట్టు? ఒక గుమాస్తా కలానికా?"

"నేను వెళ్లి పెద్ద ఇంజనీరుకి నిజం చెప్పేస్తాను. ఇప్పుడే."

"చెప్తే మీ ఉద్యోగం పోతుంది. నాకు నలభై, వయసు దాటింది, నాకు రాదు. మీ పిల్ల ఉసురు కూడా నా నెత్తిన ఎందుకు?" ఆపరేటరు నిచ్చెన మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు. "మీకు నాతో రుణం తీర్చుకోవాలనుంటే ఒకటే దారి. బాగా ఆడండి."

తిట్టినా బాగుండేది. కాలర్ పట్టుకుని రెండు వాయించినా గుమాస్తా హాయిగా ఊపిరి తీసుకునేవాడు. ఆ మనిషి ఆ రెండూ చెయ్యకుండా పైకెక్కి వెళ్లిపోయాడు.

మ్యాచ్ రోజు గ్రౌండు చుట్టూ జనం. పెద్ద ఇంజనీరు మెడలో ఈల వేసుకుని ఊరకే ఊదుతున్నాడు. భార్య కొత్తచీర కట్టుకుని ముందు వరసలో కూర్చుంది, పక్కన కూతురూ దాని తరగతీ. ఆటగాళ్లకి మంచినీళ్లు పోసే పని కాంట్రాక్టు వాళ్లకి పడింది. పక్కగీత దగ్గర నీళ్ల డ్రమ్ము పెట్టుకుని ఆపరేటరు నిలబడి ఉన్నాడు. కాంట్రాక్టు మనుషులు శాఖ తరఫున ఆడకూడదని రూలు.

మొదటి సగంలో గుమాస్తా పరిగెత్తలేక రొప్పాడు. దగ్గరికొచ్చిన బంతిని లోపలి అంచుతో పక్కవాడికి అందించడమే చేశాడు. ఒక్కటీ తప్పు పోలేదు. 'పాత ఆటగాడు, తొందరపడడు' అన్నారు జనం. రెండో సగం చివర్లో, రెండు జట్లూ సున్నాల దగ్గరే ఉన్నప్పుడు, బంతి ఎడమగీత వెంట ఆయన ముందుకి దొర్లింది. అడ్డం ఎవరూ లేరు. నాలుగు పరుగులు పెట్టాడు. కుడికాలు జానెడు దూరంలో పడింది. చీలమండ బిగిసింది. ఆ చప్పుడు వినిపించింది. బంతి లేచి, వంపు తిరిగి, గోలు ముందు దిగింది. తమ శాఖలో పైపులైన్ల మీద పనిచేసే ఫిట్టరు ఎగిరి తలతో లోపలికి కొట్టాడు.

గ్రౌండంతా లేచి అరిచింది. గుమాస్తా రెండు చేతులూ పైకెత్తాడు. ఎత్తాలని అనుకోలేదు, అవే లేచాయి. ఇంత సంతోషం ఆయన బతుకులో లేదు. ఆ సంతోషం మధ్యలోనే విషయం తెలిసొచ్చింది. పదహారేళ్లుగా తను తీసుకుంది ఆ మనిషి కుర్చీ ఒక్కటే అనుకున్నాడు. ఇదిగో, ఇది తీసుకున్నాడు. చేతులు కిందికి దిగిపోయాయి.

ఆట అయ్యాక పెద్ద ఇంజనీరు పరిగెత్తుకొచ్చి కావలించుకున్నాడు. భుజం మీద చెయ్యి వేసి డ్రమ్ము దగ్గరికి నడిపించుకెళ్లాడు. ఆపరేటరు గ్లాసు నింపి ఇచ్చాడు.

"చూశావా?" అన్నాడు పెద్ద ఇంజనీరు ఆపరేటరుతో, గొంతు పెంచి, నలుగురికీ వినబడేలా. "యూనివర్సిటీ ఆటంటే అదీ! ఆ కాలు చూస్తే తెలియట్లేదూ!"

"నాకెందుకు తెలియదు సార్," అన్నాడు ఆపరేటరు. "నేనూ ఆ యూనివర్సిటీయే. నాకు దెబ్బ తగిలిన ఏడాది నా చోట ఆడింది ఈయనే. కళ్లారా చూశాను. ఈ ఉద్యోగానికీ ఈయన మొదటి స్థానం, నేను రెండు."

గుమాస్తా చేతిలో గ్లాసు ఆగిపోయింది.

"ఓహో! అయితే మంచి ఆటగాడి చేతిలోనే ఓడావన్నమాట!"

"అవును సార్," అన్నాడు ఆపరేటరు, జనంలో నిలబడి వింటున్న తన భార్యవైపు ఒకసారి చూసి.

పెద్ద ఇంజనీరు అక్కడికక్కడే ఫైలు తెప్పించి, డ్రమ్ము మూత మీద పెట్టి సంతకం గీకేశాడు. "ఇక ప్రతి ఏడూ నువ్వే కెప్టెన్. రిటైరయ్యేదాకా వదిలేది లేదు."

గుమాస్తా ఆపరేటరు మొహంలోకి చూశాడు. ఆయన అప్పటికే తల తిప్పుకుని ఇంకొకరికి నీళ్లు పోస్తున్నాడు. ఇప్పుడు తను నిజం చెబితే అబద్ధమాడిన వాళ్లు ఇద్దరవుతారు.

"సరే సార్," అన్నాడు గుమాస్తా.